మట్టి తోలించే ముందు ఒకసారి చదువు

బుజ్జీ,

మిద్దె మీద కట్టించిన మడుల ఫోటోలు చూశాను, ఇటుక పని బాగా వచ్చింది. ఈ ఆదివారం ట్రాలీ మట్టి తోలించి నింపేస్తానన్నావు చూడు, అక్కడ కాస్త ఆగు. మొక్క చచ్చిపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు గానీ, మడిలో పోసిన మట్టి బాగా లేకపోతే అదంతా తోడి మళ్ళీ మెట్ల మీదుగా కిందికి మోయించాలి. నేను మోయించాను కాబట్టి చెప్తున్నా.

ముందు బరువు సంగతి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు అంటే ఒక్కో మడి దాదాపు 340 లీటర్లు. ఉత్త మట్టే నింపితే వానకి తడిసినప్పుడు అర టన్ను దాటుతుంది. మామూలుగా మనుషులు తిరిగే మిద్దెకి చదరపు మీటరుకి 150 కిలోల లెక్క వేస్తారు, నీ మడి పట్టిన జాగా ఒక చదరపు మీటరు కంటే కొంచెమే ఎక్కువ. మడులు బీముల మీదే వచ్చాయా లేదా అని ఇల్లు కట్టిన ఇంజినీరుని అడుగు, మొహమాటపడకు.

ఇక మట్టి. ఎర్రమట్టి అని చెప్పి మాకు ఒకాయన తోలింది పైన ఎర్రగానే ఉంది, పార వేస్తే లోపల పునాది తవ్విన మొరం, సిమెంటు పెళ్ళలు. అందుకే ట్రాలీ కంటే ముందు గుప్పెడు తెప్పించుకో. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి గట్టిగా గిలక్కొట్టి కిటికీలో పెట్టు. ఇసుక నిమిషంలోనే అడుక్కి దిగుతుంది, బంకమట్టి మర్నాటి దాకా నీళ్ళని మురికిగానే ఉంచుతుంది. సగానికి పైగా ఇసుకే కనిపిస్తే ఆ మడికి రోజుకి రెండుసార్లు నీళ్ళు పోయాలి, అంతా బంకే అయితే వేరుకి ఊపిరాడదు. నల్లరేగడి ఉచితంగా వస్తుందన్నా వద్దు, ఎండాకాలం నెర్రెలిచ్చి వేళ్ళు తెంపుతుంది. చెరువు మట్టి మన ఊళ్ళో బంగారమే, మిషన్ కాకతీయ రోజుల్లో మీ బాబాయి పొలానికి ఎన్ని ట్రాక్టర్లు తోలించారో లెక్కలేదు, కానీ డ్రైనేజీ కలిసే సిటీ చెరువుల మట్టి తోటకూర పెంచే మడికి పనికిరాదు.

అసలు నేను మోసపోయింది పేడ ఎరువు దగ్గర. చివికిందే అన్నాడు, నేను చూడకుండా పోయించుకున్నాను. వానలు పడ్డాక ఒక సాయంత్రం వాడిన బెండ మొక్కని పట్టుకుంటే అలాగే చేతిలోకి వచ్చేసింది, కింద వేరే లేదు. మట్టి కెలికితే బొటనవేలంత తెల్ల పురుగులు, ముడుచుకుని పడుకున్నాయి, ఒక్క మడిలోనే నలభై దాకా ఏరాను. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉండాలి, చెయ్యి పెడితే వేడి తగలకూడదు, వాసన చూస్తే తొలకరికి తడిసిన నేలలా ఉండాలి. పేడ కంపు వస్తే ఇంకా నాలుగు నెలలు గోనెసంచి కప్పి మూలన పడేసెయ్.

కొలతకి 20 లీటర్ల పెయింటు బకెట్టు పెట్టుకో. మడికి పదిహేడు బకెట్లు పడతాయి: ఎనిమిది మట్టి, ఐదు ఎరువు, నాలుగు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), పైన కిలో వేపపిండి. ఐదు కిలోల కోకోపీట్ ఇటుక నానితే మూడు బకెట్ల పైనే అవుతుంది, కాకపోతే అందులో ఉప్పు ఉంటుంది, రెండు నీళ్ళు మార్చి పిండి వెయ్యి. కలిపాక గుప్పెట్లో నొక్కు, ఉండ కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. అంతే పరీక్ష.

అడుగున కంకర పొయ్యమంటారు, పొయ్యకు. దానివల్ల నీళ్ళు త్వరగా పోవు, పైగా మట్టికి చోటు తగ్గుతుంది. నీళ్ళు పోయే కంత మీద షేడ్ నెట్ ముక్క, దాని మీద పెంకు ముక్క చాలు. వీడియోల్లో దుంగలు కూడా వేస్తున్నారు. చలి దేశాల్లో ఎలా ఉంటుందో గానీ, ఇక్కడ చెదలకి మనమే పిలిచి భోజనం పెట్టినట్టు. ఎండుటాకులు వేస్తే అడుగునే వెయ్యి, పైమట్టిలో కలిపితే అవి కుళ్ళడానికే నత్రజని లాక్కుని మొక్కలు పసుపెక్కుతాయి.

మడి అంచుదాకా నింపి బాగా తడిపి రెండు వారాలు వదిలెయ్, కొన్ని అంగుళాలు కిందికి దిగుతుంది, టెన్షన్ పడకు, ఆ మేరకి మళ్ళీ నింపు. ఇప్పుడు మొదలుపెడితే మృగశిర కార్తెకి విత్తనం పడుతుంది. ఒక మడిలో మాత్రం కూరగాయలు వద్దు, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి పూతకొచ్చాక కోసి అక్కడే కలిపెయ్, తర్వాత టమాటా పెట్టి తేడా నువ్వే చూద్దువు గాని.

గోంగూర, గోరుచిక్కుడు విత్తనం మన ఇంట్లోదే ఉంది, వచ్చే నెల వచ్చేటప్పుడు తెస్తాను. ఈలోపు ఆ సీసా ఫోటో పంపు, చూశాకే ట్రాలీ వాడికి అడ్వాన్సు ఇవ్వు.

పిన్ని