మోజెల్ లోయలో కిలోమీటర్లు లెక్కపెట్టకు

చి. సుధీర్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. జర్మనీలోని మోజెల్ లోయలో మీరు చేయబోయే మౌంటెన్ బైకు యాత్రకని నువ్వు పంపిన పటం, రోజువారీ లెక్క రెండూ చూశాను. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మూడు రోజులు, రోజుకు డెబ్బై కిలోమీటర్లు, అదీ ఏటి గట్టు మీది చదును బాటన కాదు, కొండల మీదుగా. వచ్చే నలుగురూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దస్తమానం కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్లే. నువ్వు గీసిన ఎర్రగీత చూడటానికి బాగానే ఉంది. కానీ అది మొదటి రోజే ఐదుసార్లు లోయలోంచి కొండ మీదికి ఎక్కి దిగుతోంది. ఆ సంగతి గమనించావా, లేక ఫోనులోని యాప్ ఎలా గీస్తే అలా పంపేశావా?

ఇక్కడ దూరం లెక్క పనికిరాదు నాయనా, ఎక్కుళ్ల లెక్క ఒక్కటే చూడాలి. మోజెల్ నది ట్రియర్ దగ్గరి నుంచి కోబ్లెంజ్‌లో రైన్ నదిలో కలిసేదాకా మెలికలు తిరుగుతూ దాదాపు 195 కిలోమీటర్లు పారుతుంది. తిన్నగా కొలిస్తే ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్నది వంద కిలోమీటర్లే. నదికి ఎడమ వైపు ఐఫెల్, కుడి వైపు హున్స్‌ర్యుక్. వాటిని కొండలు అంటాం కానీ, పైకి వెళ్లి చూస్తే చదునైన పొలాలు, గాలిమరలు, చిన్న చిన్న ఊళ్లు కనిపిస్తాయి. అసలు అది పీఠభూమి. నది దాన్ని కోసుకుంటూ అడుగుకు దిగింది. నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తులో ఉంటే, పైన అంచు మూడు వందల యాభై, నాలుగు వందల మీటర్ల దగ్గర ఉంటుంది. లోయలోకి దిగిన ప్రతిసారీ మళ్లీ దాదాపు మూడు వందల మీటర్లు ఎక్కక తప్పదు. మూడు ఎక్కుళ్లంటే అలిపిరి మెట్ల దారిన తిరుమల చేరినదానికన్నా ఎక్కువ ఎత్తు, అదీ పదిహేను కిలోల సైకిలుతో. నీ లెక్క ప్రకారం మొదటి రోజే పదిహేను వందల మీటర్లు అవుతుంది. అంత ఎత్తు అలవాటు ఉన్నవాళ్లు ఎక్కగలరు. మీకు ఆ అలవాటు లేదు.

కాబట్టి రోజుకు రెండు ఎక్కుళ్లు, మహా అయితే మూడు. ఇదొక్కటి ఒప్పుకుంటే మిగతాదంతా సర్దుకోవచ్చు.

ఎక్కడి నుంచి ఎక్కాలన్నది కూడా చూసుకోవాలి. నది మలుపు తిరిగే చోట బయటి గట్టును నీరు ఒరుసుకుంటూ పోతుంది, అందుకే అటు వైపు నిటారుగా ఉంటుంది. లోపలి గట్టు వాలుగా, నిదానంగా లేస్తుంది. ఎక్కడం ఎప్పుడూ లోపలి గట్టు నుంచి పెట్టుకో. అంతకన్నా సులువైన దారి, నదిలో కలిసే చిన్న వాగుల లోయలు. వాగు పక్కన అడవి శాఖ వాళ్లు కలప లారీల కోసం వేసిన వెడల్పాటి బాటలు ఉంటాయి. ఆరేడు కిలోమీటర్ల పొడవునా వాలు ఒకే తీరుగా సాగుతుంది, తలెత్తి చూసేసరికి పైకి వచ్చేసి ఉంటాం. అలాగని పటంలో కనిపించిన ప్రతి వాగులోకీ దూరవద్దు. హున్స్‌ర్యుక్ వైపు ఏర్‌బాఖ్, బైబాఖ్ లాంటి ఇరుకు లోయలు నడిచేవాళ్లవి. అక్కడ సైకిలును భుజాన మోయాల్సి వస్తుంది.

ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కవద్దు. పలకరాతి పెంకుల మీద వెనక చక్రం ఊరికే గిరగిరా తిరిగిపోతుంది. సీటు ముందు అంచుకు జరిగి, మోచేతులు వంచి, అన్నిటికన్నా తేలిక గేరులో నెమ్మదిగా తొక్కు. పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగితే ఆ వేగం సరైనది. రొప్పుతున్నావంటే వేగం తగ్గించు. అద్దె సైకిలు తీసుకునేటప్పుడు ముందు పళ్ల చక్రం 32 పళ్లు, వెనక పెద్దది 50 పళ్లు లేదా ఆపైన ఉందో లేదో లెక్కపెట్టి చూడు. దుకాణంలో అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనీ.

దిగడం గురించి కాస్త పెద్దగానే రాస్తాను. మీరు దెబ్బ తగిలించుకునేది ఎక్కేటప్పుడు కాదు కదా. మొదటి సంగతి చేతుల విషయం. మన ఊళ్లో మోటారు బండి నడిపిన చేతికి ముందు బ్రేకు కుడి వైపున ఉంటుందని అలవాటు. జర్మనీలో సైకిళ్లకు మామూలుగా ముందు బ్రేకు ఎడమ చేతిలో ఉంటుంది, కుడి చేతిది వెనక చక్రానికి. కంగారులో మెదడు పాత అలవాటుకే పోతుంది. వెనక బ్రేకు అనుకుని ఎడమ చెయ్యి గట్టిగా బిగిస్తే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతావు. సైకిళ్లు తీసుకున్న రోజు ఏదైనా ఖాళీ స్థలంలో అరగంట సేపు అందరూ బ్రేకులు వేసి చూసుకోండి. నవ్వుకున్నా సరే, చేయండి.

రెండోది బాట. ఎండ పడే దక్షిణపు వాలుల్లో ద్రాక్షతోటలు ఉంటాయి, నీడ పడే ఉత్తరపు వాలుల్లో అడవి ఉంటుంది. తోటల్లోని బాటలు ట్రాక్టర్ల కోసం వేసినవి, చాలా చోట్ల కాంక్రీటు. చూడటానికి నున్నగా ఉంటాయి, అందుకే వేగం ఇట్టే పెరుగుతుంది. అయితే వాననీరు పోవడానికి అడ్డంగా కాలువలు కోసి, వాటి మీద ఇనుప చట్రాలు పెడతారు. వాటిని ఏటవాలుగా దాటితే ముందు చక్రం జారుతుంది, తడిగా ఉంటే మరీనూ. హ్యాండిల్ తిన్నగా పెట్టి, దాటే క్షణంలో బ్రేకు వదిలెయ్యి. అడవి వైపు అక్టోబరులో నేల ఆరదు, ఓక్ ఆకులు రాలి పలకరాళ్లను కప్పేస్తాయి. ఈ పలకరాయి పొడిగా ఉన్నప్పుడు పట్టు ఇస్తుంది, తడిసిందంటే జారుడే. పైగా దాని అంచులు టైరు పక్కలను కోసేస్తాయి. ట్యూబు లేని టైర్లైతే మంచిది. అయినా నలుగురికీ కలిపి కనీసం రెండు ట్యూబులు, కోసుకుపోయిన టైరుకు లోపలి నుంచి అడ్డం పెట్టడానికి ఒక మందపాటి రబ్బరు ముక్క, గాలి పంపు సంచిలో ఉండాలి.

బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచవద్దు. మూడు వందల మీటర్ల దిగుడంతా అలా నొక్కుకుంటూ వస్తే డిస్కు కాలిపోయి, మాడు వాసన వచ్చి, సరిగ్గా కావలసిన మలుపులోనే పట్టు సడలుతుంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కు, మలుపులో వదులు. సీటు కిందికి దించుకుని, పెడళ్లు రెండూ సమంగా పెట్టి, బరువు కాళ్ల మీద వేసి నిలబడు. చూపు పది గజాల ముందుండాలి కానీ చక్రం మీద కాదు.

ఎక్కడ తొక్కవచ్చు, ఎక్కడ కూడదు అన్నదానికి ఈ రాష్ట్రం, అంటే రైన్‌లాండ్-ఫాల్జ్, అటవీ చట్టంలో నియమం ఉంది. అడవిలో బండ్లు పోయేందుకు వేసిన బాటల మీద సైకిలు తొక్కవచ్చు. సన్నటి కాలిబాటలు ఆ లెక్కలోకి రావు. మౌంటెన్ బైకులకని గుర్తు పెట్టిన దారులైతే నిశ్చింతగా పోవచ్చు. వీడియోల్లో చూసిన సన్నదారులన్నీ మనవే అనుకుని దూసుకుపోకు. ముఖ్యంగా బ్రెమ్ ఊరి పైన ఉన్న కాల్‌మాంట్ వాలు. ఐరోపాలో అతి నిటారైన ద్రాక్షతోటల్లో ఒకటని పేరు. కొన్ని చోట్ల వాలు 60 డిగ్రీలకు పైనే. నీ ఎర్రగీత దాని నడుమనుంచి పోతోంది! అక్కడున్నది ఇనుప తాళ్లు, నిచ్చెనలు పట్టుకుని నడిచే దారి. సైకిళ్లు కిందే వదిలి నడిచి రండి, లేదా కొండ అంచున పైన నిలబడి నది మలుపు చూసి తృప్తిపడండి.

మీరు వచ్చేది రీస్లింగ్ ద్రాక్ష కోతల కాలం. చాలా ఊళ్లలో పండు పక్వానికి వచ్చాక తోట బాటల్లోకి బయటివాళ్లను రానివ్వరు, దారికి అడ్డంగా పలక పెడతారు. పలక కనిపిస్తే వెనక్కి తిరగండి, వాదన పెట్టుకోవద్దు. తెరిచి ఉన్న బాటల్లో కూడా ట్రాక్టరు ఎదురైతే దిగి, గోడవారగా నిలబడండి. ఈ వాలుల్లో యంత్రాలు దిగవు, కోత చాలా చోట్ల ఇప్పటికీ చేతులతోనే. ఒకే ఒక్క ఇనుప పట్టా మీద పళ్ల చక్రంతో పాకే చిన్న బండి ఒకటి కనిపిస్తుంది, పళ్లను, మనుషులను కూడా పైకీ కిందికీ చేరవేస్తుంది. ఫొటో తీసుకో, ఎక్కవద్దు. ఒక్కో తీగకు ఒక్కో గుంజ పాతి, కొమ్మను వంచి కట్టడం ఇక్కడి పద్ధతి. ఆ గుంజల మధ్యనుంచి అడ్డదారి తొక్కిన సైకిలువాళ్లను చూస్తే నాకే ఒళ్లు మండుతుంది, ఇక ఆ రైతు సంగతి చెప్పాలా.

ఇప్పుడు నీ ప్రణాళికకు బదులు నాది. ట్రియర్ మాట మరిచిపో. బుల్లాయ్‌లో మకాం పెట్టండి. అక్కడ రైలు స్టేషను ఉంది, కోబ్లెంజ్-ట్రియర్ మార్గం అక్కడి దాకా చాలా వరకు నదిని అంటిపెట్టుకుని వచ్చి, ఆ తర్వాత ప్యుండెరిష్ దగ్గర లోయను వదిలేస్తుంది. ఎవరికైనా కాళ్లు పట్టేస్తే కింది లోయలో చాలా చోట్ల రైలు దొరుకుతుంది. ఎగువన బెర్న్‌కాస్టెల్ లాంటి ఊళ్లకు రైలే లేదు. ఇక్కడి లోకల్ రైళ్లలో పనిదినాల్లో ఉదయం తొమ్మిది దాటాక, శని ఆదివారాల్లో ఎప్పుడైనా, సైకిలుకు టికెట్టు అక్కరలేదు. చోటు దొరకడం మాత్రం మీ అదృష్టం. నలుగురూ ఒకే పెట్టె దగ్గర గుమిగూడకండి.

మొదటి రోజు పైన రైలు, కింద రోడ్డు ఉండే బుల్లాయ్ వంతెన దాటి, మరియెన్‌బుర్గ్ మీదుగా ప్రింట్సెన్‌కోఫ్ కొండ ఎక్కండి. నది జెల్ ఊరిని చుట్టి పెద్ద ప్రదక్షిణ చేసి వస్తే, ఆ మెడ దగ్గర అటు నీళ్లకూ ఇటు నీళ్లకూ మధ్య కొన్ని వందల మీటర్లే. పైన ఉన్న ఉక్కు గోపురం ఎక్కితే రెండు వైపులా నది కనిపిస్తుంది. దిగి, ఆల్ఫ్ వాగు లోయన ఐఫెల్ వైపు రెండో ఎక్కుడు. అంతే, ఆ రోజుకు చాలు.

రెండో రోజు ఎక్కుడు బస్సుది. బెర్న్‌కాస్టెల్ నుంచి డౌన్ ఊరికి సైకిళ్ల ట్రెయిలరుతో బస్సు నడుస్తుంది, నవంబరు మొదటి దాకా ఉంటుంది. నలుగురికీ ముందే చోటు రాయించుకోవాలి. డౌన్ చుట్టూ అగ్నిపర్వతాలు పేలిన గుంటల్లో నిలిచిన గుండ్రటి సరస్సులు, వాటి చుట్టుపక్కల గుర్తులు పెట్టిన మౌంటెన్ బైకు దారులు ఉన్నాయి. నన్ను అడిగితే ఈ మొత్తం ప్రాంతంలో నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదు. మధ్యాహ్నం దాకా అక్కడ తిరిగి, పాత రైలు మార్గాన్ని సైకిలు బాటగా మార్చిన దారిన సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ నదికి దిగిపోండి. ఆ బాట మొత్తం 58 కిలోమీటర్లు, ఎక్కువ భాగం దిగుడే. లైట్లు మరిచిపోకండి. మూడో రోజు ఒళ్లు ఎలా ఉందో చూసుకుని హున్స్‌ర్యుక్ వైపు ఒక ఎక్కుడు, లేకపోతే సిగ్గుపడకుండా గట్టు బాట.

ఉదయం లోయలో పొగమంచు ఉంటే కంగారుపడి ఆగిపోవద్దు. అక్టోబరులో చాలాసార్లు అది లోయలోనే ఉంటుంది, పైన ఎండ కాస్తూ ఉంటుంది. సాయంత్రం ఏడింటికి పొద్దు గుంకుతుంది, ఆరింటికల్లా అడవి దిగి ఉండాలి.

ఇక వైన్ సంగతి. ఈ పేరా మీ అమ్మకు చదివి వినిపించకు. ద్రాక్ష రైతులు ఏడాదిలో నాలుగు నెలలకు మించకుండా, నలభై సీట్లకు మించకుండా, సొంత వైన్‌ను ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని నియమం. తలుపు దగ్గర కొమ్మల కట్ట వేలాడుతుంటే ఆ ఇల్లు తెరిచి ఉన్నట్టు. తప్పకుండా వెళ్లండి, కానీ ఆ రోజు చివరి దిగుడు అయ్యాకే. సైకిలుకు చట్టం వర్తించదనుకుంటారు మనవాళ్లు. రక్తంలో మద్యం వెయ్యికి 1.6 వంతుకు చేరితే ఎలాగూ నేరమే. 0.3 దాటి తూలినా, ప్రమాదం చేసినా నేరమే. ఇంకా పులుస్తూ ఉండే కొత్త వైన్ ఈ నెలలోనే దొరుకుతుంది, పండ్ల రసంలా తియ్యగా దిగిపోతుంది, తర్వాత తెలుస్తుంది. దాని సీసాకు మూత బిగించరు, గాలి పోవాలి కనుక. వీపు సంచిలో పడుకోబెట్టావంటే బట్టలన్నీ తడిసిపోతాయి. దాంతో పాటు ఇచ్చే ఉల్లిపాయ రొట్టెలో తరచుగా పంది మాంసం ముక్కలు ఉంటాయి, మీలో శాకాహారి ఎవరైనా ఉంటే అడిగి తినమను.

అక్టోబరు 3 ఇక్కడ జాతీయ సెలవు, ఆ రోజూ ఆదివారమూ దుకాణాలు మూసి ఉంటాయి. ముందే సరుకులు కొనుక్కోండి. మొదటి రోజుకు పులిహోర నేను కలిపి పెడతాను. అడవిలో ఎవరైనా పడితే 112కు ఫోను చేసి, దగ్గరలోని అత్యవసర గుర్తు పలక మీది నంబరు చెప్పండి, ఆ పలకలు బాటల కూడళ్లలో కనిపిస్తాయి. సాయంత్రం పిక్కలు, మోకాళ్ల వెనక భాగం గోమార్ల కోసం వెతుక్కోండి. పట్టుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి తిన్నగా లాగెయ్యాలి, నూనెలూ గీనెలూ రాయవద్దు.

మీ నలుగురి ఎత్తులు ఎంతెంతో ఈ వారంలోగా రాయి. సెలవుల్లో అద్దె సైకిళ్లు త్వరగా అయిపోతాయి, నేనే ఫోను చేసి చెప్పి ఉంచుతాను. కరెంటు మోటారు ఉన్న సైకిలు (ఈ-బైక్) కావాలని ఎవరైనా అడిగితే సిగ్గు లేదు, కానీ అది పాతిక కిలోలుంటుంది, స్టేషను మెట్ల మీద ఎవరిది వాళ్లే మోసుకోవాలి.

మీ పెద్దమ్మ