రాయగడలో ఒకటో తరగతి: లెక్క తెలుగులో, ఆట ఒడియాలో

అమ్మా, పాపని ఒడిశాలోని రాయగడలో ఒడియా బళ్లో ఒకటో తరగతిలో చేరుస్తున్నాం, సిలబస్ ఎలా ఉంటుంది, ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు. పార్వతీపురంలో రైలెక్కితే గంటకో గంటన్నరకో దిగే ఊరే కదా, దీనికి ఇన్ని సందేహాలేమిటని మీవాళ్లు నవ్వే ఉంటారు. దూరం నిజంగా అంతే. కానీ పాప తరగతి గది గుమ్మం దాటగానే భాష మారిపోతుంది. అమెరికా వెళ్లిన పిల్లకైనా, రాయగడ వచ్చిన పిల్లకైనా మొదటి నెల కష్టం ఒకటే: దాహమేస్తే నీళ్లు అడగలేకపోవడం.

మీరు అడిగింది సిలబస్ గురించి, ట్యూషన్ గురించి. చెబుతాను. అంతకంటే ముందు తోడు సంగతి చూడండి. ఒకటో తరగతిలో వెనకబడ్డ చదువు రెండులో అందుకోవచ్చు. మాట్లాడే తోడు లేక గోడవార కూర్చోవడం అలవాటైన పిల్లని అక్కణ్నుంచి లేపడం మాత్రం మీరనుకున్నంత తేలిక కాదు. కొత్తగా వచ్చిన తెలుగిళ్లన్నీ, మా ఇల్లు కూడా, మొదటి వారంలోనే చేసే తప్పు అక్షరాల ట్యూషన్ పెట్టడం. ఆ వారం పిల్లకి కావలసింది అక్షరాలు కాదు, నాలుగు వాక్యాలు. 'పాణి పిఇబి' అంటే నీళ్లు తాగుతాను. 'పరిస్రా జిబి' అంటే ఒంటేలుకి వెళ్తాను. 'బుఝిలి నాహిఁ' అంటే అర్థం కాలేదు. 'ఆస ఖేళిబా' అంటే రా, ఆడుకుందాం. నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. రోజుకొకటి చొప్పున, ఇంట్లో మీరు టీచరై పాప చేత అడిగించండి.

మాటల్లో మోసాలున్నాయి, అవీ ముందే చెప్పి పంపండి. 'పాణి' మన పిల్లలకి 'పని'లా వినిపిస్తుంది. 'గుడి' అంటే ఇక్కడ గాలిపటం. 'గొఛొ' అంటే చెట్టు, మన గచ్చు కాదు. 'కాలి' అంటే నిన్న, రేపు రెండూ. పుస్తకం నిన్న తెచ్చావా అన్నారో, రేపు తెమ్మన్నారో తెలియాలంటే క్రియ చివర వినాలి. 'బ' వినిపిస్తే జరగబోయేది, 'ల' వినిపిస్తే జరిగిపోయింది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం తిట్లు తప్పుతాయి.

ఇక చదువు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు చూసుకుంటే మీకు కొలత దొరుకుతుంది. ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి, 99 వరకు అంకెలు రాయాలి, చిన్న కూడికలు, తీసివేతలు రావాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవడం, 999 వరకు అంకెలు. మూడుకి నిమిషానికి కనీసం 60 మాటలు, 9999 వరకు అంకెలు, తేలిక గుణకారాలు. అంతే. దీనికి నెలనెలా ట్యూషన్ డబ్బు పోయడం దండగ అని నేనంటే మీకిప్పుడు రుచించదు లెండి.

ఒడియా అక్షరాలు గుండ్రంగా మనవాటి చుట్టాల్లా ఉంటాయి, చిక్కంతా అక్కడే. ఒడియా 'ఠ' నిండు సున్నాలా ఉంటుంది కాబట్టి మన పిల్ల సున్నా అనే చదువుతుంది. అందుకే రెండు లిపులూ ఒకే నెలలో నేర్పకండి. మేం నేర్పి చెడగొట్టాం. మా పాప ఒకే మాటలో రెండు లిపులూ కలిపి రాసేది. బళ్లో ఒడియా గుణింతం కుదిరాక తెలుగు అక్షరాలు మొదలుపెట్టండి. అప్పటిదాకా తెలుగు చెవికే వెళ్లాలి: రాత్రి పది నిమిషాలు మీరు చదవాలి, పాప వినాలి.

రాతలో వచ్చే తప్పులకి కారణాలు తెలిస్తే కోపం రాదు. ఒడియాలో అకారాన్ని 'ఒ'కి దగ్గరగా పలుకుతారు. 'ఘర' అనే మాట 'ఘొరొ' అని వినిపిస్తుంది. పాప విన్నట్టే ఓత్వం పెట్టి రాస్తుంది, టీచర్ ఎర్ర గీత పెడతారు. శ, ష, స మూడూ పలకడంలో 'స'యే, రాయడంలో మూడు. ఇ-ఈ, ఉ-ఊ తేడా కూడా పలుకులో సరిగా వినపడదు. ఇవి విని నేర్చేవి కావు, చూసి నేర్చేవి. రోజూ ఐదు మాటలు పెద్దగా రాసి గోడకి అంటించండి, వారం తరువాత తీసి చూడకుండా రాయించండి. మరో సంగతి: మనకి ఎ-ఏ, ఒ-ఓ రెండేసి ఉన్నాయి, వాళ్లకి ఒక్కొక్కటే. తరువాత తెలుగు నేర్పేటప్పుడు 'చెరువు', 'చేతులు' దగ్గర పాప తడబడుతుంది. అది మందకొడితనం కాదు.

లెక్కల్లో మాత్రం తెలుగు పెద్ద వరం. మనకి 23 అంటే ఇరవై మూడు, పదులు ముందు, ఒకట్లు వెనక. ఒడియాలో అది 'తేఇసి', మూడు ముందు వినిపిస్తుంది. అది విని మా పాప 32 అని రాసేది అందుకే. 29ని 'అణతిరిసి' అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. కాబట్టి పదులు-ఒకట్లు ఇంట్లో తెలుగులోనే కుదర్చండి. వంద చీపురు పుల్లలు సమానంగా విరిచి, పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేయండి. 23 అంటే రెండు కట్టలు, మూడు పుల్లలు. 27కి 15 కలిపినప్పుడు విడిపుల్లలు పన్నెండవుతాయి, అందులో పది కట్ట కట్టేస్తే మొత్తం నాలుగు కట్టలు, రెండు పుల్లలు. తీసివేతలో పిల్లలందరూ చేసే తప్పు ఒకటుంది: 42లోంచి 17 తీయమంటే 35 అంటారు. రెండులోంచి ఏడు పోదు కనక ఏడులోంచే రెండు తీసేస్తారు. నోటితో వంద సార్లు చెప్పినా వినరు. ఒక కట్ట విప్పించి పన్నెండు పుల్లల్లోంచి ఏడు తీయిస్తే 25 దానంతటదే వస్తుంది. పుల్లలు వారం పది రోజులు వాడాకే కాగితం మీదికి వెళ్లండి. పలక మీద ఒడియా అంకెలు వస్తే 4 దగ్గర జాగ్రత్త, పైన తెరిచిన 8లా ఉంటుంది. కూడికని 'మిశాణ', తీసివేతని 'ఫేడాణ', ఎక్కాల్ని 'పణికిఆ' అంటారు. ఈ మూడు పేర్లు తెలియకే లెక్క వచ్చిన పిల్ల కూడా చెయ్యెత్తదు. చెయ్యెత్తని పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు.

పరిసరాల పాఠానికి, కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పద్ధతిలో ఒకటి, రెండు తరగతులకి విడి పుస్తకం లేదు, మూడు నుంచే. కుటుంబం పాఠం వచ్చినప్పుడు మాత్రం కాస్త చూసుకోండి. మనకి మేనత్తా అత్తే, మేనమామ భార్యా అత్తే. ఇక్కడ 'పిఉసి', 'మాఇఁ' వేరు. మన పిల్ల 'బావ' అంటే తోటిపిల్లలకి అర్థం కాదు, వాళ్లకి మేనత్త కొడుకు అన్నయ్యే. నవ్వితే పాప చిన్నబుచ్చుకుంటుంది, ముందే చెప్పి ఉంచండి. నదుల పాఠం వచ్చినప్పుడు మ్యాపు తీసి, రాయగడ పక్కన పారే నాగావళే శ్రీకాకుళం దాకా వెళ్తుందని వేలితో గీయించండి. అమ్మమ్మ ఊరు ఆ గీత కొసనే ఉందని తెలిస్తే పాప కళ్లు వెలుగుతాయి.

కాగితాల సంగతి బళ్లోనే అడగండి. టీసీ రాలేదని చేర్చుకోకపోవడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, అది గుర్తుంటే చాలు.

ట్యూషన్‌కి పెట్టే డబ్బులో పదో వంతు మరమరాల ఉండలకి పెట్టండి. ఆదివారం సాయంత్రం పాప తరగతి పిల్లని ఒక్కదాన్నే పిలవండి, నలుగురిని పిలిస్తే వాళ్లలో వాళ్లు ఆడుకుని మీ పాపని మర్చిపోతారు. ఆడపిల్లలైతే 'పుచి' ఆడమనండి. గొంతుక్కూర్చుని ఎగిరే ఆట, దానికి మాటలతో పెద్దగా పని లేదు. మీరు వంటింట్లోనే ఉండండి, మధ్యలో అనువాదం చేయడానికి వెళ్లకండి.