తప్పెటగుళ్ళ కళాకారుడికి ఏ పింఛను?

ప్రశ్న: అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లె. నాకు 62 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ తప్పెటగుళ్ళు ఆడుతున్నాను. ఇంట్లో ఎవరికీ పింఛను లేదు. డప్పు కళాకారుల పింఛను ఎక్కువ వస్తుంది, ఆర్టిస్టు కార్డు చేయించి పెడతాను, 5 వేలు ఇమ్మని ఒకాయన తిరుగుతున్నాడు. విశ్వకర్మ పథకంలో కూడా రాయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? ఇంకో సంగతి, మొన్న గంగమ్మ సంబరంలో రాత్రి పదింటికే పోలీసులు ఆట ఆపించేశారు. అలా ఆపొచ్చా?

జవాబు: ఇవ్వొద్దండి. రూపాయి కూడా ఇవ్వొద్దు.

డప్పు కళాకారులకు ఎన్టీఆర్ భరోసా, అంటే రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం కింద వచ్చేది నెలకు 4,000. వృద్ధాప్య పింఛనూ అంతే. 2024 జూలై నుంచి రెండూ నాలుగు వేలే. డప్పు పింఛనుకు 50 ఏళ్లకే అర్హత, తేడా అక్కడే. మీకు 60 దాటిపోయాయి కాబట్టి ఆ పేరుతో వచ్చినా, ముసలితనం పేరుతో వచ్చినా చేతిలో పడేది అదే నోటు. పైగా మీది డప్పు కాదు, గుండెల మీద కట్టుకుని రెండు చేతులా వాయించే రేకు తప్పెట. ఆ రెండూ ఒకటేనని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగడం దేనికి? ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని మీ గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును కలవండి. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో ఆయనే చెప్పాలి. మాగాణి 3 ఎకరాలు దాటితే కుదరదు, అది ముందే చూసుకోండి.

కళాకారుడిగా మీకు అసలు పనికొచ్చేది వేరే ఉంది. దాని సంగతి మీ ఏజెంటు ఎత్తలేదు చూశారా! కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు నెలకు 6,000 దాకా సాయం ఇస్తుంది. 60 నిండాలి, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఇన్నేళ్లు ఆడినట్టు రుజువు చూపించడం దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. సమాచార శాఖ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను. కవర్లో పది ఫొటోలుంటాయి, అందరూ గజ్జెలు కట్టుకుని గుండ్రంగా నిలబడి ఉంటారు. ఏ ఊరు, ఏ సంవత్సరం, అందులో దరఖాస్తుదారు ఎవరు? వెనక్కి తిప్పితే ఫొటో స్టూడియో ముద్ర తప్ప ఏమీ ఉండదు. అలాంటి ఫొటో ఎంత బాగున్నా సాక్ష్యం కాదు.

కాబట్టి ఈ వారమే ఇంట్లో పెట్టె దించండి. విజయనగరం ఉత్సవాలకో, అరసవల్లి రథసప్తమికో పిలిచి ఇచ్చిన ప్రశంసాపత్రాలు, విశాఖ ఆకాశవాణి వాళ్ల ఉత్తరాలు, పేపర్లో పడిన వార్తలు, మీ బృందం పేరున్న కరపత్రాలు, ఏవి దొరికితే అవి సంవత్సరాల వరసలో పెట్టండి. ఫొటోల్లో మీ బొమ్మ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, వెనక ఊరూ తేదీ రాయండి. గుర్తులేని తేదీ మాత్రం కల్పించకండి, సంవత్సరం రాస్తే చాలు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, ముఖ్యంగా ఆ 5 వేల పెద్దమనిషికి.

విశ్వకర్మ మీకు వర్తించదు. అది 18 చేతివృత్తులకే. ఆటా పాటా అందులో లేవు. మీ జట్టులో కుమ్మరి, వడ్రంగి, దర్జీ పనివాళ్లుంటే వాళ్లు చేరొచ్చు. శిక్షణ, పనిముట్లకు 15,000, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల అప్పు ఉంటాయి. కుటుంబంలో ఒక్కరికే.

ఇక పోలీసుల సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. మైకు తీసేసినా లాభం లేదు, వాయిద్యాలకూ అదే రూలు. పండగలకని ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. మీ సంబరం ఆ రోజుల్లో పడుతుందో లేదో స్టేషన్లో ముందే అడగండి. పడకపోతే ఆట సాయంత్రం ఆరింటికే మొదలెట్టుకోవాలి, నాకూ నచ్చదు గానీ తప్పదు. మైకుకు అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితం సౌండ్ సెట్ అబ్బాయి దగ్గర ఉంచండి. పోలీసులు వచ్చి ముందు పట్టుకునేది అతన్నే.