కథ కోసం రోగిని చంపకు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

విజయవాడలో 108 అంబులెన్సు ఉద్యోగం చేస్తూ నువ్వు రాసిన కథ అందింది, దానితో పెట్టిన ఉత్తరమూ అందింది. కథ పదహారు పేజీలు, ఉత్తరం పేజీన్నర. ఉత్తరం దాచుకున్నాను, కథ తిప్పి పంపుతున్నాను. వాక్యం తడబడకుండా రాస్తావు, చేతిరాత కుదురుగా ఉంది. నా మనవడి ఈడువాడివి, అయినా 'అక్కా' అని పిలిచావు, అదీ బాగుంది. మెచ్చుకోలు అయిపోయింది.

నీ కథలో అంబులెన్సు భవానీపురంలో బయల్దేరి దుర్గ గుడి ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. కథ 2023లో జరిగిందని నువ్వే రాశావు. కనకదుర్గ ఫ్లైఓవర్‌ను 2020 అక్టోబరులోనే తెరిచారు. గుండెపోటు మనిషిని వెనక పెట్టుకుని ఆ పైలట్, అదే మీ 108 డ్రైవరు, వంతెన ఎక్కకుండా కింద దారిన ఎందుకు వెళ్ళాడు? అమ్మవారికి దండం పెట్టుకోవడానికా? రోజూ ఆ రోడ్డు మీద తిరిగేవాడివి, తెలియక రాయలేదు. బండి ఆగాలి, రోగి పోవాలి, కథానాయకుడు ఏడవాలి. అందుకని ఏకంగా వంతెనే కూల్చేశావు.

తర్వాత సీపీఆర్, అదే, ఆగిన గుండె కోసం ఛాతీ ఒత్తి ఊపిరి ఇవ్వడం. నీ కథానాయకుడు ఛాతీ ఒత్తుతూనే రోగి తల్లితో జీవితం గురించి రెండు పేజీలు మాట్లాడాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఒత్తాలి, 30 ఒత్తాక రెండుసార్లు శ్వాస ఇవ్వాలి. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. పైకి లెక్కపెడుతూ ఒత్తేవాడి నోటికి అన్ని మాటలు ఎక్కడివి? మలుపులో బండి ఒరిగినప్పుడు మోకాలితో దేన్ని ఆనుకున్నాడు? పక్కటెముక విరిగిన చప్పుడుకు ఆ తల్లి ఏమన్నది? ఇవేవీ లేవు. కన్నీళ్ళు మాత్రం తొమ్మిది చోట్ల ఉన్నాయి, పెన్సిలుతో గీత గీశాను చూసుకో.

మొదటి పేజీ అంతా 2020 జూలై 1. బెంజి సర్కిల్లో 108, 104 వాహనాలు కలిపి 1,088 బారులు తీరడం, జెండా ఊపగానే కదలడం, నీ వాడి గుండె ఉప్పొంగడం. ఆ దృశ్యాన్ని రాష్ట్రమంతా టీవీలో చూసింది. నీకు మాత్రమే తెలిసినది ఏదైనా ఉంటే చెప్పు. అన్ని బండ్లను రోడ్డు మీద ఎంతసేపు నిలబెట్టారు? లోపల కూర్చున్నవాళ్ళకు మంచినీళ్ళు దొరికాయా? కొత్త స్ట్రెచర్ మీద మొట్టమొదట పడుకున్నది రోగా, కునుకు తీసిన పైలటా? చెప్పలేకపోతే ఆ పేజీ కొట్టెయ్యి.

ఇక ఉత్తరం. 'పని ఎలా ఉంటుందని మీరు అడుగుతారేమో' అంటూ నేను అడగకుండానే ఆరు వాక్యాల్లో ఒక సంగతి రాశావు. వన్‌టౌన్ కొండ మీద మెట్లదారి చివరి ఇల్లు. ఛాతీ నొప్పి మనిషి. అలాంటివాళ్ళను నడిపించకూడదు, గుండె మీద భారం పడుతుంది. ఆ మలుపుల్లో స్ట్రెచర్ తిరగదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి, నువ్వూ పైలటూ ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ మోశారు. భారీ మనిషి. దిగుతున్నంతసేపూ దారి చెప్పింది ఆయనే: 'ఇక్కడ మెట్టు విరిగింది, ఎడమ పక్కగా రండి', 'అక్కడ నాచు, నిదానం'. ఆగిన ప్రతిచోటా ఇరుగుపొరుగు వచ్చి ఎలా మొయ్యాలో చెప్పారు గానీ ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. కిందికి వచ్చి బండిలో పడుకోబెట్టి మాస్కు పెడుతుంటే దాన్ని పక్కకు జరిపి అడిగాడట: 'మళ్ళీ ఎక్కించేది కూడా మీరేనా బాబూ?'

ఈ ఒక్క ప్రశ్నలో తిరిగి ఇంటికి వస్తానన్న ఆశ ఉంది, రానేమోనన్న భయం ఉంది, మీ నడుముల మీద జాలి ఉంది. నీ పదహారు పేజీల్లో ఇంత లేదు. దీన్ని ఉత్తరంలో పారేసి, ఇంకెవరినో తెచ్చి కథలో చంపావు. ఎందుకని అడిగితే 'అది సరదా సంగతి అక్కా, కథ కాదు' అంటావు. సరదా వేరు, కథ వేరు అని నీకు నేర్పినవాళ్ళు ఎవరో నాకు బాగా తెలుసు. నా పాత కథలు ఆ సంపాదకుల సొరుగుల్లోనే మగ్గాయి.

నేను ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా ఉన్నప్పటి మాట. మిరప సీజన్‌లో మిర్చి యార్డు నుంచి ఒక హమాలీని తెచ్చారు. టిక్కీల, అంటే మిరప బస్తాల, దొంతర మీద నుంచి జారిపడి తొడ ఎముక విరిగింది. బట్టలు కత్తిరించడం మొదలుపెట్టాం. సీజన్‌లో యార్డు మనిషి బట్టల్లో ఎంత కారం ఉంటుందో గుంటూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. కత్తెర పెట్టి లాగేసరికి గది నిండా ఘాటు. డాక్టరు కళ్ళు కారుతున్నాయి, నా కళ్ళు కారుతున్నాయి, కాలు లాగి పట్టుకున్న వార్డుబాయ్ తుమ్ముకూ తుమ్ముకూ మధ్య వెక్కుతున్నాడు. విరిగిన కాలిని కదలకుండా పట్టే థామస్ స్ప్లింట్ బిగించేదాకా లాగిన కాలు వదలకూడదు, కళ్ళు తుడుచుకోవడానికి ఎవరి చేతులూ ఖాళీగా లేవు. అతని భార్య తలుపు సందులోంచి చూసింది. తెల్లబట్టల వాళ్ళందరూ ఏడుస్తున్నారు. ఇంకేముంది, వరండాలో కూలబడి శోకాలు మొదలుపెట్టింది. వెంట వచ్చిన యార్డు మనుషులు అందుకున్నారు. లోపల బల్ల మీద ఉన్న మనిషి తల ఎత్తి, 'ఎవరండీ పోయింది, మావాళ్ళేనా?' అని అడిగాడు.

దీన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు మర్యాదగానే జవాబు రాశాడు: చివర్లో హమాలీ చనిపోతే కథకు బరువు వస్తుందట. అతను చనిపోలేదు. కాలికి బరువు కట్టి లాగే ట్రాక్షన్‌లో పడుకుని, వార్డులో సగం మందికి పేకాట నేర్పి, కర్ర పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. నేను చంపనన్నాను, కథ తిరిగివచ్చింది. ఇంకో పత్రిక దాన్ని హాస్యం పేజీలో వేస్తానంది, కాకపోతే విరిగిన ఎముక, స్ప్లింటు తీసెయ్యమంది, పాఠకులకు రోత పుడుతుందట. ఒకరికి చావు కావాలి, ఒకరికి దెబ్బ తగలని నవ్వు కావాలి. మేమందరం నవ్వింది విరిగిన కాలు పక్కన నిలబడే కదా, అంటే వినేవాళ్ళు లేరు. కథ చాలాకాలం ట్రంకుపెట్టెలో పడి ఉండి చివరికి ఒక చిన్న పత్రికలో వచ్చింది. పారితోషికం ఆ సంచికే, రెండు ప్రతులు.

ఇప్పుడు పోటీల కాలం. బహుమతి కథలు వరసగా నాలుగు చదివితే అయిదోదాంట్లో ఎవరు పోతారో రెండో పేజీలోనే చెప్పగలను. న్యాయనిర్ణేతల కళ్ళు చెమర్చాలి, అంతే. నీ కథ కూడా ఏదో పోటీ ప్రకటన పక్కన పెట్టుకుని రాసినట్టుంది. కాదంటావా?

ఎవరు విన్నా వినకపోయినా నేను చెప్పేది ఒకటే. పనిని చేతులు కదిలిన వరసలో రాయి. నవ్వించాలని చూడకు, ఏడిపించాలని అసలే చూడకు. ఫోను చేసినవాడు 'రామాలయం పక్క సందు' అంటాడు. విజయవాడలో రామాలయం లేని పేట ఏది? పైలట్ అద్దం దించి అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. రోడ్డు పక్క తాగి పడుకున్నవాణ్ణి చూసి ఎవరో జాలిపడి 108కి చెబుతారు, మీరు వెళ్ళి లేపితే నిద్ర చెడగొట్టారని ఆయన మిమ్మల్నే తిడతాడు. మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలో సొమ్మసిల్లిన ముసలామె, స్ట్రెచర్ మీద తెలివి రాగానే 'నా వరస పోతుంది, దర్శనం అయ్యాక వస్తాను' అని దిగబోయిందని రాశావు. బీపీ ఎంత ఉందో, ఆమెను ఎలా ఒప్పించావో రాయలేదు. కథ ఉన్నది అక్కడే.

నవ్వు ఎవరి మీద అన్నది చూసుకో. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలయ్యింది. అంతకు ముందు మా గుమ్మానికి మనుషులు నవారు మంచాల మీద, రిక్షాల్లో, మిరప లారీల్లో వచ్చేవారు. ప్రమాదం కేసు తెచ్చిన ఆటోవాళ్ళకు పోలీసు సాక్ష్యమంటే హడలు, దించడం ఆలస్యం మాయమయ్యేవారు. ఒకడు ఆ కంగారులో రోగిని దించి, రోగి భార్యను ఆటోలోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆటో కంటే ముందు ఆమె తిట్లు గేటు దాటి వచ్చాయి. అందరం నవ్వాం, కానీ ఆటో అతని మీద కాదు. మంచిపని చేసినవాణ్ణి అలా పరిగెత్తించిన భయం మీద నవ్వాం. గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్ళను వేధించకూడదని చెప్పే మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించాల్సి వచ్చింది. అంటే ఆ భయం ఉత్తది కాదు.

మనలో మనం వేసుకునే జోకులు వేరు. కాలిన కేసు దింపి, క్రిములు చంపే హైపోక్లోరైట్‌తో బండి కడుగుతూ, క్యారియర్‌లో మళ్ళీ దొండకాయే వచ్చిందని పైలట్ పెట్టే గొడవ నీ కథలో ఉండవలసిందే. ఆ కేసు మీద వేసుకున్న జోకు మాత్రం బండిలోనే వదిలెయ్యి, ఆ ఇంటివాళ్ళకూ చదువు వచ్చు. పేట మార్చు, వయసు మార్చు, ఇంటి గుర్తులు మార్చు. రాత్రి డ్యూటీలో 'ఈవేళ ఖాళీగా ఉందే' అన్నవాడి చేత అందరికీ టీ ఇప్పించే ఆచారం మా దగ్గర ఉండేది. ఆ టీ వేడిగా తాగిన గుర్తు నాకు లేదు. ఇలాంటివి ఎన్నయినా పెట్టుకో.

బుడమేరు వరద మీద నవల రాయనా అన్నావు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ నీళ్ళలో ఉన్నప్పుడు బండి వదిలి ట్రాక్టరూ పడవా ఎక్కి పనిచేశానన్నావు. ముందు ఒక్క రోగిని పడవలోకి ఎలా ఎక్కించావో రాయి. సెలైన్ సీసా ఎవరు పట్టుకున్నారు, పడవ ఒరిగితే ఎవరు ఎవరిని తిట్టారు, నీ కాళ్ళకు చెప్పులున్నాయా. నవల సంగతి అప్పుడు చూద్దాం. కలంపేరు గురించీ, ఏ పత్రిక మంచిదన్న దాని గురించీ అడిగినవి కూడా చదివాను.

తిరగరాసినది నాకు పంపే ముందు మీ పైలట్‌కు వినిపించు. ఎక్కడ కల్పించావో అతను ఇట్టే పట్టుకుంటాడు, ముఖ్యంగా అతన్ని కథలో మరీ మంచివాణ్ణి చేసిన చోట. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి, శుక్లాల ఆపరేషను నాకు ఒక కంటికే అయింది. పోస్టులోనే పంపు. ఫోనులో వచ్చినవి నేను తెరవను.

ఆశీస్సులతో,
మీ అక్క