మోటార్‌సైకిల్ రేసర్లు అంత చిన్న వయసులోనే రిటైర్మెంట్ గురించి ఎందుకు ఆలోచిస్తారు?

వయసు చిన్నదే గానీ కెరీర్ చిన్నది కాదు. నాలుగైదేళ్లకే బుల్లి బైకులెక్కి, టీనేజీలోనే ఇల్లు వదిలి రేసుల వెంట తిరిగినవాళ్లకి ముప్ఫై వచ్చేసరికి పాతికేళ్ల సర్వీసు అయిపోయినట్టే. కేసీ స్టోనర్ 2007లో, 2011లో మోటోజీపీ (బైక్ రేసుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రపంచ పోటీ) ఛాంపియన్ అయ్యి, 2012 చివర్లో 27 ఏళ్లకే మానేశాడు. సత్తా తగ్గి కాదు, ఆ క్రీడ సాగుతున్న తీరు మీద ఇష్టం పోయింది, పైగా అదే ఏడాది కూతురు పుట్టింది.

ఇక దెబ్బలు. గంటకు 350 కిలోమీటర్లు దాటే బండి మీద కారులోలా చుట్టూ రక్షణ ఏమీ ఉండదు, లెదర్ సూటు, అందులో ఎయిర్‌బ్యాగ్, హెల్మెట్, అంతే. హోర్హే లొరెంజోకి 2019లో నెదర్లాండ్స్‌లోని అసెన్ ట్రాక్ మీద పడి వెన్నుపూసలు విరిగాయి, ఆ సీజన్ చివరే 32 ఏళ్లకి గుడ్‌బై చెప్పేశాడు. ఎముక అతుక్కుంటుంది సరే, కానీ మలుపులో ఒక్క క్షణం ముందే బ్రేక్ నొక్కాలనిపించడం మొదలైతే ముందు వరసలో నిలబడటం కష్టం.

అందరూ అలా ఆగిపోరు లెండి, వాలెంటినో రోసీ 42 ఏళ్ల దాకా నడిపాడు. మార్క్ మార్కెజ్ అయితే 2020లో విరిగిన చేతికి నాలుగు ఆపరేషన్లయ్యాక కూడా 2025లో మళ్లీ టైటిల్ కొట్టాడు!