మూలభాష దొరుకుతుందా?

ప్రశ్న: చెవిని ‘కివి’ అని, చెరువును ‘కెరె’ అని ఇక్కడి కన్నడిగులు అంటుంటే, మన భాషకూ వారి భాషకూ ఉన్న చుట్టరికం తెలిసిపోతూనే ఉంటుంది. ఇలా వెనక్కి వెళ్తూ పోతే మానవులందరి మొదటి భాష దొరకదా? అసలు మాటకు అర్థాన్ని మొదట నిర్ణయించినది ఎవరు?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: మీ జాబితాలో చిరునగవును, కిరునగెను కూడా చేర్చుకోండి. ఇ, ఎ అచ్చుల ముందు తెలుగులో ‘చ’ ఉన్న అనేక మాటల్లో కన్నడం ‘క’నే నిలుపుకొన్నది. చుట్టరికానికి సాక్ష్యం ఇటువంటి క్రమబద్ధతే గాని, పైపై పోలిక కాదు. దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో వాదించారు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణ గ్రంథం వెలువరించిన కాల్డ్‌వెల్‌కు వచ్చినంత పేరు ఆయనకు రాకపోవడం న్యాయం కాదు.

అయితే ఈ పద్ధతికి హద్దు ఉంది. పాత మాటలు పోయి కొత్తవి చేరుతూ ఉండడం వల్ల, సుమారు పదివేల ఏళ్లకు అవతల మిగిలిన పోలిక చుట్టరికమో కాకతాళీయమో తేల్చడం కష్టమని ఎక్కువమంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనిషి మాట్లాడడం అంతకన్నా ఎంతో ముందటిది. పారిస్ భాషాశాస్త్ర సంఘమైతే భాషోత్పత్తిపై పత్రాలనే స్వీకరించబోమని 1866లో తన నియమావళిలో రాసుకున్నది.

మీ రెండవ ప్రశ్న మరింత లోతైనది. మాటకూ అర్థానికీ ఉన్న సంబంధం సంకేతం, అంటే ఒప్పందం, వల్ల ఏర్పడినదని నైయాయికులు (న్యాయదర్శనం వారు) అన్నారు. ‘ఈ మాటకు ఇది అర్థం’ అని ఒప్పందం చేసుకోవాలన్నా ముందుగా మాటలు ఉండాలి కదా అని మీమాంసకులు (వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనం వారు) ఆక్షేపించి, ఆ సంబంధం నిత్యమని, అంటే ఎవరూ కల్పించనిదని తేల్చారు. ఆక్షేపణ గట్టిదే, దానికోసం నిత్యత్వం దాకా పోనక్కరలేదని నాకు తోస్తుంది. నికరాగ్వా రాజధాని మనాగువాలో 1970ల చివర, 1980లలో బధిర బాలలను బడులలో చేర్చి, పెదవుల కదలికను బట్టి స్పానిష్ గ్రహించడం నేర్పబోయారు. ఆ బోధన అంతగా ఫలించలేదు గాని, పిల్లలు తమ తమ ఇళ్ల సైగలను కలబోసుకొని ఒక సంజ్ఞాభాషను పెంచుకున్నారు. తరువాత చేరిన చిన్నపిల్లల చేతుల్లో దాని వ్యాకరణం మరింత చిక్కబడింది. అక్కడ ఎవరూ కూర్చొని ఒప్పందం రాసుకోలేదు, వాడుకలోనే సంకేతం కుదిరింది. అలాగని దీనినే ఆదిభాష కథగా చెప్పలేము, ఎందుకంటే ఆ పిల్లలకు భాషకు సిద్ధమైన నేటి మానవ మెదడు పుట్టుకతోనే ఉన్నది. ఆ మెదడు ఎలా ఏర్పడినదన్న ప్రశ్నకు వైయాకరణుల కంటే జీవశాస్త్రజ్ఞులే జవాబుదారులు.