రాకెట్ నమూనా దాటి ముందుకు వెళ్లు

చిరంజీవి అమ్మాయికి,

శుభాశీస్సులు. బెంగళూరులో అంతరిక్ష కేంద్రం వాళ్లు జనాన్ని లోపలికి రానిచ్చే ఓపెన్ డేకి వెళ్లి దాని మీద వ్యాసం రాస్తానన్నావు. చాలా సంతోషం. తప్పకుండా రాయి. ఇలాంటి సందర్భాల మీద మన తెలుగులో వచ్చేవి ఎక్కువగా రెండు రకాలు. కొన్నిట్లో జనసందోహం, పిల్లల కేరింతలు తప్ప ఇంకేమీ ఉండవు. మిగతావాటిలో కరపత్రంలోని అంకెలన్నీ ఉంటాయి. రెండిట్లోనూ వస్తువు కనబడదు. నీ వ్యాసంలో ఒక్క వస్తువైనా పూర్తిగా కనబడాలి. అది ఎలా పనిచేస్తుందో చదివినవాళ్లు ఇంట్లో పిల్లలకి విడమరచి చెప్పగలగాలి.

వెళ్లేముందు ప్రకటన ఆసాంతం చదువు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలా, ఏ గుర్తింపు కార్డు అడుగుతారు, ఫోను లోపలికి తీసుకెళ్లనిస్తారా అన్నవి అందులోనే ఉంటాయి. ఇస్రో కేంద్రాల గేటు దగ్గర కాపలా సీఐఎస్ఎఫ్ అనే కేంద్ర భద్రతా దళం వాళ్లది. వాళ్లతో వాదన పనికిరాదు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాల్సి వస్తుందనుకునే బయల్దేరు. చేతి గడియారం, జేబులో పట్టే నోటుబుక్కు, రెండు పెన్నులు చాలు. బ్యాగు ఉంటే తనిఖీ వరుసలోనే సగం పొద్దు పోతుంది.

గేటు తీయడానికి అరగంట ముందే చేరుకో. లోపలికి వెళ్లగానే అందరూ ఆగేది మొదటి హాల్లో, పెద్ద రాకెట్ నమూనా దగ్గర. నువ్వు ఆగకు. నేరుగా చివరి హాలుకి నడిచి, అక్కడినుంచి వెనక్కి చూసుకుంటూ రా. బడి బస్సులు దిగేలోపు చివరి స్టాళ్ల దగ్గర నీకు ఓ గంటైనా ఊపిరి సలుపుతుంది. వివరించేవాళ్ల గొంతు కూడా అప్పటికింకా అరిగిపోయి ఉండదు. వాళ్లు ఇంగ్లీషులోనో కన్నడంలోనో మొదలుపెడతారు. అయినా ఒకసారి తెలుగులో అడిగి చూడు. బెంగళూరులో ఏ ఆఫీసులోనైనా మనవాళ్లు ఒకరిద్దరు తగులుతారు. సొంత భాషలో అడిగితే మనిషి పాఠం అప్పజెప్పడం మాని మాట్లాడతాడు.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఒకచోట ఉంది. "చంద్రయాన్ ల్యాండర్‌ని కళ్లారా చూశాను" అని రాసేస్తారు. 2023 ఆగస్టు 23న దిగిన ల్యాండర్ చంద్రుడి మీదే ఉంది, తిరిగి రాదు. హాల్లో ఉండేవి వేరు. ప్రదర్శన కోసం చేసిన బొమ్మ ఒక రకం. పరీక్షల కోసం నిజమైనదానిలాగే కట్టిన ఇంజనీరింగ్ మోడల్ ఇంకో రకం. అద్దం వెనక, దుమ్ము చేరనివ్వని క్లీన్‌రూములో ఏదైనా కనబడితే, అది ఇంకా ఎగరాల్సినది అయ్యుండొచ్చు. ప్రతి వస్తువు దగ్గరా మొదట అడగాల్సిన ప్రశ్న, ఇది ఈ మూడింట్లో ఏది అని. బొమ్మ అయితే ఎన్నో వంతుకి తగ్గించారో కూడా అడుగు. పీఎస్‌ఎల్‌వీ అనే ఇస్రో రాకెట్ అసలు ఎత్తు 44 మీటర్లు. పదో వంతు నమూనా నాలుగు మీటర్లు దాటుతుంది, ఇరవయ్యో వంతుది రెండు మీటర్లే. ఆ సంగతి చెప్పకుండా "ఆకాశాన్నంటే రాకెట్" అంటే చదివేవాళ్లకి ఏ కొలతా అందదు.

ఇక ఏదో ఒక వస్తువు దగ్గర పాతుకుపో. నన్నడిగితే ఉపగ్రహం చుట్టూ కప్పిన బంగారు రంగు దుప్పటి దగ్గర నిలబడమంటాను. జనం అక్కడ అడిగే మొదటి ప్రశ్న "ఇది నిజంగా బంగారమేనా?" అనే. కాదు. పైపొర కాప్టన్ అనే ప్లాస్టిక్ ఫిల్ము. దాని సహజమైన రంగే తేనెరంగు. వెనకవైపు పల్చగా అల్యూమినియం పూత ఉంటుంది. వెలుతురు ఫిల్ములోంచి వెళ్లి అల్యూమినియం మీద పడి తిరిగొస్తుంది కాబట్టి మనకి పసిడిలా మెరుస్తుంది. కింద ఇలాంటి పల్చటి పొరలు ఇంకా ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య సన్నటి వల పరుస్తారు. అంతరిక్షంలో గాలి లేదు కనక, పొరలు ఒకదాన్నొకటి తాకనంత వరకు వేడి వెళ్లడానికి వికిరణం, అంటే కిరణాలుగా ప్రసరించడం ఒక్కటే దారి. మెరిసే ఒక్కో పొరా దాన్ని వెనక్కి కొడుతుంది. తాకితే మాత్రం వేడి నేరుగా దిగిపోతుంది. అందుకే మూలల దగ్గర దుప్పటిని బిగించి లాగితే నష్టం. అక్కడ పొరలు నలిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వదులుగా, కాస్త ముడతలుగా కనిపించడం చేతగానితనం కాదు, అలాగే ఉండాలి. దగ్గరగా చూడనిస్తే ఫిల్ము మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు వెతుకు. రాకెట్ పైకి లేస్తున్నప్పుడు పొరల మధ్య చిక్కిన గాలి వాటిల్లోంచి బయటికి పోవాలి. పోకపోతే దుప్పటి ఉబ్బి చిరుగుతుంది. తగిలించేవాళ్లు చేతికి తొడుగులు వేసుకుంటారు, వేలి జిడ్డు అంటితే ఆ ఉపరితలం గుణం మారుతుంది. చూశావా, ఒక్క దుప్పటి దగ్గర ఎంత రాయడానికుందో! పక్కనుంచి వేలమంది నడిచిపోతారు, ఆ ముడతల సంగతి ఒక్కరూ అడగరు. నువ్వు అడుగు.

బయట మైదానంలో నీటి రాకెట్ ఎగరేస్తుంటే అక్కడికీ వెళ్లు. పిల్లలు ఎక్కువసేపు నిలిచే చోటు అదే. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, అందులో మూడో వంతు నీళ్లు, మూతికి బిరడా, సైకిల్ పంపు. గాలి నీటిని కిందికి నెడుతుంది, సీసా పైకి పోతుంది. నీళ్లు ఎక్కువైతే గాలికి చోటు చాలదు, బరువూ పెరుగుతుంది, కాస్త లేచి పడిపోతుంది. తక్కువైతే వెనక్కి నెట్టడానికి సరుకు ఉండదు, బుస్సుమని ఊరుకుంటుంది. బిరడా వదులైతే పీడనం చాలకముందే జారిపోతుంది. మొనలో కొంచెం బంకమట్టి పెట్టకపోతే గాల్లో పల్టీలు కొడుతుంది. మంచినీళ్ల సీసా వాడకూడదు. అది గ్యాసు పీడనానికి చేసింది కాదు, పగులుతుంది. ఇవన్నీ రాస్తే చదివేవాళ్లు ఆదివారం మేడమీద చేసి చూడగలరు. సీసాకి దూరంగా నిలబడమని కూడా రాయి, మర్చిపోకు.

అంకెల విషయంలో పిసినారిగా ఉండు. రాసిన ప్రతి అంకె చదివేవాడి మనసులో ఒక పని చెయ్యాలి. పీఎస్‌ఎల్‌వీ బరువు సుమారు 320 టన్నులు. 600 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా సాగే సూర్యానువర్తన కక్ష్యలోకి అది మోసుకెళ్లగలిగేది 1,750 కిలోలు. ఈ రెండూ విడివిడిగా రాస్తే ఎవరికీ గుర్తుండవు. కిలో సరుకు చేర్చడానికి దాదాపు 180 కిలోల రాకెట్ కావాలని రాస్తే మిగతాదంతా ఏమైందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. అప్పుడు ఇంధనం గురించీ, మధ్యలో వదిలేసే రాకెట్ భాగాల (దశల) గురించీ చెప్పు. సూర్యుణ్ణి గమనించే ఆదిత్య-ఎల్1 నౌక ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. అక్కడినుంచి సంకేతం రావడానికి 5 సెకన్లు పడుతుంది. అందులోని ప్రధాన పరికరాన్ని కట్టింది మన కోరమంగళలోని భారత ఖగోళ భౌతిక సంస్థ. అక్కడి ఓపెన్ డేకే వెళ్తే ఈ సంగతి వదలకు. చరిత్ర కూడా వస్తువుకి అంటుకుని ఉంటేనే రాయి. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట నమూనా ఎదురైతే, 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని పీన్యా పారిశ్రామికవాడ షెడ్లలో కట్టారనీ, 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద ఎగిరిందనీ రెండు వాక్యాలు చాలు.

జనాన్ని వర్ణించాలంటే వాళ్లు అడిగిన ప్రశ్నలు రాసుకో. తోసుకోవడం, చెమట, ఎండ అందరికీ తెలిసినవే. చంకలో పిల్లాడితో వచ్చిన తల్లి ఏమడిగింది, తాతగారు దేనికి తల అడ్డంగా ఊపాడు అన్నవి ఆ రోజుకే సొంతం. ఎవరి పేరూ వాళ్లని అడక్కుండా రాయకు.

నోటుబుక్కులో ప్రతి అంకె పక్కన అది ఎవరు చెప్పారో రాసుకో. శాస్త్రవేత్తా, టెక్నీషియనా, సాయానికి వచ్చిన కాలేజీ కుర్రాడా అన్నది తెలియాలి. కుర్రాడు చెప్పింది తప్పని కాదు, ఇస్రో ప్రచురించిన వివరాలతో తప్పనిసరిగా సరిచూడాలని. ఇంటికొచ్చి స్నానం చేసి, అదే రాత్రి చిత్తుప్రతి రాసేయి. తెల్లారితే పొరల మధ్య వల ఉందని గుర్తుంటుంది గానీ, చూపించినాయన దాన్ని ఎలా పట్టుకున్నాడో గుర్తుండదు. రాశాక నాకు పంపు. అంకెలు సరిచూసిన ప్రతే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు